మాను ఎందుకు పగులుతుంది?

చెట్టు మాను పగిలిందంటే మా రాచర్ల వైపు రెండే రెండు వ్యాఖ్యానాలు. ముసలి చెట్టయితే "వయసైపోయిందిలే" అంటారు. కాపు మీదున్న చెట్టయితే "దిష్టి తగిలింది" అంటారు. ఈ మధ్య మూడోది ఒకటి వచ్చి చేరింది. ఫోన్లో ఫోటో తీసి పురుగుమందుల షాపులో చూపిస్తే, అతను "వైరస్" అని ఒక సంచీ నిండా సీసాలిచ్చి పంపిస్తాడు. ఈ మూడింట్లోనూ ఒక సుఖం ఉంది. పగులు ఎలా ఉంది, ఏ వైపున ఉంది, ఎప్పుడొచ్చింది అని ఎవరూ వంగి చూడక్కర్లేదు.

నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాదు. నా ఉద్యోగం వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పు ఎక్కడుందో వెతకడం. ఆ పనిలో మొట్టమొదట నేర్చుకునే పాఠం ఏంటంటే, ఎర్రర్ మెసేజి అనేది రోగం కాదు, రోగం ఉందని వచ్చిన కబురు మాత్రమే. మాను మీద పగులు కూడా అంతే. ఇంకో మెలిక కూడా ఉంది. చాలా పగుళ్ళు అసలు రోగం కబురే కాదు, చెట్టు హాయిగా పెరుగుతోందన్న కబురు. వాటిని చూసి కంగారు పడటం, లాగ్ ఫైల్లో "ఇన్ఫో" అని రాసున్న లైను చూసి సర్వర్ ఆపేసినట్టు :)

నేను ఈ సంగతులన్నీ వెతకడానికి కారణం మా చిన్నాయన బత్తాయి తోట. మూడెకరాలు, మూడొందల పైచిలుకు చెట్లు, ఏడేళ్ళ వయసు. మంచి కాపు మొదలయ్యే వయసన్నమాట. 2024 సంక్రాంతికి వారం ముందు ఫోన్ చేశాడు. "మాన్లు పగులుతుండాయి నాయనా. బంక కారుతోంది. షాపాయన ఏమో ఇంక లాభం లేదు, అంతా అంటుకుంటది అంటుండాడు. పీకేసి భూమి అమ్మేద్దామా?" అని. అడగడానికి ఇంట్లో వాళ్ళూ ఉన్నారు, ఊళ్ళో పెద్దవాళ్ళూ ఉన్నారు. కానీ అప్పుల లెక్కలో నా పేరు కూడా ఉంది కాబట్టి నన్నడిగాడు. ఇద్దరు చెల్లెళ్ళ చదువు, బోరు అప్పు, బ్యాంకు అప్పు అన్నీ ఆ మూడొందల చెట్ల మీదే ఉన్నాయి.

రాచర్ల తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. గిద్దలూరు పక్కన, నల్లమల కొండల తూర్పు అంచున ఉంటుంది మా మండలం. నెమలిగుండ్ల రంగనాయకస్వామి అంటే కొందరికి వెలుగుతుంది. ఆ గుడి మా మండలంలోనే, అడవిలో గుండ్లకమ్మ దగ్గర ఉంది. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అని పేరు మారింది) ఏర్పడేదాకా మా ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. అందుకే మా మాటలో ఇంకా సీమ వాసన పోలేదు. చెట్టు మొదలుని మేం "మాను" అంటాం, బెరడుని "పట్ట" అంటాం. వాన సంగతి చెప్పక్కర్లేదు. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. చిన్నాయన బోరు వేయించింది ఆ నీళ్ళ మీద ఆశ వదులుకున్నాకే.

సరే, అసలు విషయానికి వద్దాం. పట్ట ఎందుకు పగులుతుంది?

చెట్టు లావెక్కేది లోపల్నుంచి. పట్టకీ కట్టెకీ మధ్యన ఒక పల్చటి తడి పొర ఉంటుంది, పేరు కేంబియం. చెట్టు మానులో నిజంగా బతికి పనిచేసే చోటు అదే. అది లోపలివైపు కొత్త కట్టెని వేస్తుంది, బయటివైపు లోపలి పట్టని వేస్తుంది. ఆకులు తయారుచేసిన తిండి కిందికి, వేర్లకి దిగేది ఆ లోపలి పట్టలోనుంచే. అన్నిటికన్నా పైన మన చేతికి తగిలే గరుకు పట్ట మాత్రం చచ్చిపోయిన కణాల గుట్ట. మన గోళ్ళలాంటిది, సాగదు. లోపల ఏటేటా కట్టె చేరి చుట్టుకొలత పెరుగుతుంటే, పైన సాగని చొక్కా ఏం చేస్తుంది? చిరుగుతుంది. కింద ఇంకో పొర ఎప్పటికప్పుడు కొత్త బెరడుని అల్లుతుంటుంది కాబట్టి చిరిగినా ఏమీ కాదు.

చింతమాను, తుమ్మమాను, ముదురు వేపమాను చూడండి. వేలు పట్టేంత లోతు నెరియలు. అవి రోగంతో వచ్చినవి కావు, వయసుతో వచ్చినవి. జామ చెట్టు పద్ధతి వేరు. అది పాత పట్టని పల్చటి పెచ్చులుగా రాల్చేసి నున్నగా ఉంటుంది. జామాయిలు పేలికలు పేలికలుగా వదిలేస్తుంది. అంటే పగలడమా, రాల్చడమా అన్నది ఆ జాతి అలవాటు. పగిలిన చింతమాను చూసి ఎవరూ భయపడరు. కానీ పగలకూడని చెట్టు పగిలితే, లేదా పగలకూడని చోట పగిలితే, అప్పుడు ఆలోచించాలి. జాతికి ఏది మామూలో తెలియకుండా ఏది తేడానో తెలియదు. మన భాషలో చెప్పాలంటే, బేస్‌లైన్ లేకుండా మానిటరింగ్ పెట్టుకున్నట్టు.

ఇంకో ప్రశ్న. పగుళ్ళు ఎక్కువగా నిలువుగానే ఎందుకొస్తాయి? మనలో సగం మంది మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్లో పడ్డవాళ్ళమే కాబట్టి ఇది గుర్తుండే ఉంటుంది. పల్చటి గొట్టంలో లోపలినుంచి ఒత్తిడి పెడితే, చుట్టూ లాగే బలం పొడుగునా లాగే బలానికి రెట్టింపు ఉంటుంది. అందుకే పైపు పగిలితే నిలువునా చీలుతుంది. దానికి తోడు కట్టెలో నారలన్నీ నిలువుగా పేర్చి ఉంటాయి. కట్టెలు కొట్టేవాడికి ఏ పుస్తకమూ చదవకుండానే ఇది తెలుసు. నిలువునా గొడ్డలి పెడితే ఒక్క దెబ్బకి విచ్చుకుంటుంది, అడ్డంగా పెడితే చేతులు పడిపోతాయి. మార్కాపురం పలకరాయి కూడా ఇంతే కదా. ఎటు పొర ఉందో అటు ఉలి పెడితే పల్చటి పలకగా ఊడి వస్తుంది, పొరకి అడ్డం పెడితే ముక్కలవుతుంది. ఏ వస్తువైనా దానికి బలహీనమైన దారిలోనే విడిపోతుంది.

మా పక్కనున్న నల్లమలలో అయితే పగిలిన పట్ట ఒక ఆస్తి. ఎండాకాలం కింద ఎండుగడ్డి అంటుకుని మంటలు పాకే అడవి అది. కేంబియం వేడి అరవై డిగ్రీల దగ్గరికి పోతే చచ్చిపోతుంది. పైన రెండు వేళ్ళ మందం చచ్చిన పట్ట ఉంటే మంట దాటిపోయేదాకా లోపలికి వేడి చేరదు. నల్లమద్ది పట్ట మొసలి చర్మంలా గళ్ళు గళ్ళుగా పగిలి ఉంటుంది. ఎర్రచందనం పట్ట కూడా దాదాపు అలాగే ఉంటుంది. ఈ నల్లమద్ది 2024 మార్చిలో వార్తల్లోకొచ్చింది. పాపికొండల నేషనల్ పార్కులో అటవీ అధికారులు ఒక మాను మీద పట్ట కోస్తే లోపల్నుంచి నీళ్ళు ధారగా కారాయి. ఆ వీడియో మీలో చాలామందికి వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. అక్కడి కొండరెడ్లకి ఈ సంగతి ఎప్పట్నుంచో తెలుసు, అధికారులకి చెప్పిందీ వాళ్ళే. బయట అంత ఎండిపోయి పగిలిన చెట్టు, లోపల నీళ్ళు దాచుకుని ఉంది. బయటి పట్ట చూసి చెట్టు ఆరోగ్యం చెప్పేయకూడదు అనడానికి ఇంతకంటే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంక దెబ్బ వల్ల వచ్చే పగుళ్ళు. వీటిలో మన ప్రాంతానికి అవసరమైనవి ముఖ్యంగా మూడు.

మొదటిది నీళ్ళ ఎగుడుదిగుడు. మాను రోజూ కొంచెం సన్నబడి లావవుతుందంటే మీరు నమ్మరు. మధ్యాహ్నం ఆకులు నీళ్ళు లాగేస్తుంటే మిల్లీమీటరులో ఎన్నో వంతు కుంచించుకుపోతుంది, రాత్రికి వేర్లనుంచి నీళ్ళెక్కి మళ్ళీ ఉబ్బుతుంది. దీన్ని కొలిచే పరికరాలు ఉన్నాయి. రోజూ జరిగే ఈ కొంచెం పనికి చెట్టు తట్టుకుంటుంది. కానీ నెలల తరబడి ఎండగట్టి, ఒక్క వారంలో ముంచేస్తే? ఎండకి బిగిసిపోయిన పట్ట లోపల, నీళ్ళు తాగిన కట్టె ఒక్కసారిగా ఉబ్బితే నిలువునా విచ్చుకుంటుంది. బత్తాయి, దానిమ్మ పండించేవాళ్ళకి దీని చిన్న రూపం బాగా తెలుసు. బెట్ట తర్వాత పెద్ద వాన పడితే కాయలు చెట్టుమీదే పగులుతాయి. కాయలో జరిగేదే మానులోనూ జరుగుతుంది. 2023 సంగతి గుర్తు చేసుకోండి. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు లేదు. అదే ఏడు డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చిన్నాయన తోటలో ఆ వానలకి మూడ్రోజులు నీళ్ళు నిలిచాయి.

రెండోది ఎండ. పల్చటి పట్ట ఉన్న చెట్టుకి గుబురే గొడుగు. కొమ్మలు ఎక్కువ కొట్టేస్తే ఎప్పుడూ ఎండ చూడని మాను మీద మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది. పడమర, నైరుతి వైపు పట్ట మాడి, ఎండి, పగిలి, పెచ్చులూడుతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళు చలికాలంలో మేపుల్ చెట్ల మీద ఇదే నైరుతి మచ్చ చూసి ఉంటారు. అక్కడ కథ కొంచెం వేరు. పగటి ఎండకి వెచ్చబడ్డ పట్ట సూర్యుడు దిగగానే ఒక్కసారి గడ్డకట్టి చస్తుంది. మిన్నెసోటా లాంటి చోట్ల గడ్డకట్టే రాత్రుల్లో మాను చీలితే తుపాకి పేలినట్టు చప్పుడొస్తుంది. మనకి ఆ బాధ లేదు గానీ ఎండ బాధ ఉంది. రోడ్డు పక్క చెట్లకి సున్నం కొట్టేది అందం కోసమనే చాలామంది అనుకుంటారు. తెల్లరంగు ఎండని వెనక్కి కొడుతుంది, అదీ దాని అసలు ఉపయోగాల్లో ఒకటి.

మూడోది బంక తెగులు. చిన్నాయన కొంపకి వచ్చింది ఇదే. నేల దగ్గర పట్ట పగిలి, అందులోంచి తేనె రంగు బంక కారుతుంది. దీనికి కారణమైన జీవి పేరు ఫైటోఫ్తోరా. చూడటానికి బూజులా ఉంటుంది గానీ అసలు బూజు జాతి కాదు, నీళ్ళలో ఈదే విత్తనాలతో వ్యాపించే వేరే జాతి. 1845లో ఐర్లండులో ఆలుగడ్డల్ని కుళ్ళబెట్టి కరువు తెచ్చింది దీని దాయాదే. దీనికి కావాల్సింది ఒక్కటే, మాను మొదట్లో నిలిచే తడి.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చిన్నాయనతో ఒక మాట అన్నాను. "చిన్నాయనా, పీకడానికి ఒక పూట చాలు. ముందు రెండు రోజులు లెక్క తీద్దాం." ఉద్యానశాఖలో పనిచేసే ఒకాయన్ని బతిమాలి పిలుచుకొచ్చాం. ముగ్గురం వరసగా ప్రతి చెట్టు దగ్గరా కూర్చున్నాం. నేను ఒక నోటుబుక్కులో చెట్టు నంబరు, పగులు ఏ వైపు, నేలనుంచి ఎంత ఎత్తు, బంక ఉందా లేదా అని రాస్తూ పోయాను. చిన్నమ్మ "ఏందిరా, చెట్లకి జనాభా లెక్కలా" అని నవ్వింది.

లెక్క పూర్తయ్యేసరికి భయం సగం తగ్గింది. సగానికి పైగా చెట్ల మీద ఉన్నది మామూలు గరుకు, పట్ట ముదురుతున్న గుర్తు. అరవై దాకా చెట్లకి పడమర వైపున ఎండు పగుళ్ళు, బంక లేదు. అవన్నీ పోయిన వేసవిలో కూలీలు ఎండుకొమ్మలతో పాటు పచ్చికొమ్మలు కూడా నరికేసిన రెండు వైపుల వరసలు. నిజంగా బంక కారుతున్నవి నలభై ఒకటి. అవి కూడా తోటంతా చెదిరి లేవు. తూర్పు మూల పల్లం వైపు గుంపుగా ఉన్నాయి. అక్కడ డ్రిప్పు పైపుల్ని ఉడుతలు కొరికేస్తే, చిన్నాయన పాదులు తీసి నీళ్ళు పారగట్టాడు. నీళ్ళు నేరుగా మానుకి తగులుతున్నాయి. పైగా కలుపు తీసిన మట్టిని చెట్టు మొదట్లో ఎగదోయడంతో అంటు కట్టిన చోటు మట్టిలో పూడిపోయింది.

ఆ సార్ ఒక చెట్టు దగ్గర కూర్చుని మట్టి తవ్వి చూపించాడు. "బత్తాయికి కాళ్ళు గట్టివి, నడుము సుకుమారం. కాళ్ళకి నీళ్ళు పొయ్యండి, నడుముకి తగలనియ్యొద్దు" అన్నాడు. నాకు అన్ని వ్యాసాలు చదివినా రాని స్పష్టత ఆ ఒక్క మాటతో వచ్చింది. మా వైపు సాత్‌గుడి బత్తాయిని రంగపూర్ నిమ్మ వేరు మీద అంటు కడతారు. కింద నేలలో ఉండేది ఒక చెట్టు, పైన కాసేది ఇంకో చెట్టు. ఆ రెండూ కలిసిన చోటు నేలకి జానెడు ఎత్తున ఉండాలి. అది మట్టిలోకి దిగిందంటే పై చెట్టు పట్ట తడి తగిలి కుళ్ళుతుంది.

అసలు ఈ అంటు ఎందుకు కట్టాలి అని వెతుకుతుంటే దొరికిన కథ మన ఫీల్డువాళ్ళకి భలే నచ్చుతుంది. 1830లలో అట్లాంటిక్ సముద్రంలో అజోర్స్ దీవుల నారింజ తోటల్లో ఈ బంక తెగులు వచ్చి చెట్లు చచ్చిపోయాయి. పుల్లనారింజ వేరు దీన్ని తట్టుకుంటుందని గమనించి, ఆ తర్వాత ప్రపంచంలో చాలాచోట్ల దాని మీదే అంటు కట్టడం మొదలుపెట్టారు. సమస్య తీరిపోయింది. దాదాపు వందేళ్ళు అంతా బాగానే నడిచింది. 1930లలో అర్జెంటీనా, బ్రెజిల్‌లలో ట్రిస్టెజా అనే వైరస్ వచ్చింది. ఆ పేరుకి అర్థం దుఃఖం. అది చంపింది ప్రత్యేకంగా పుల్లనారింజ వేరు మీద కట్టిన చెట్లనే. కోటికి పైగా చెట్లు పోయాయి. ఒక బగ్‌కి వేసిన ప్యాచ్ అందరూ కాపీ చేసుకుని, వందేళ్ళ తర్వాత అదే ప్యాచ్ వల్ల అందరూ ఒకేసారి మునగడం! మనం ఇలాంటివి నెలకొకటి చూస్తాం, వాళ్ళకి వందేళ్ళు పట్టింది. ఇప్పుడు మా వైపు రంగపూర్ నిమ్మ వాడటానికి ఒక కారణం అది ఆ వైరస్‌ని తట్టుకోవడం. కానీ ఏ వేరూ అన్నిటినీ తట్టుకోదు. నీళ్ళ పద్ధతి రైతు చూసుకోవాల్సిందే.

వైద్యం విషయానికొస్తే, షాపాయన ఇచ్చిన సంచీలో ఆరు రకాల సీసాలున్నాయి. వాటిలో రెండు పురుగుల మందులు, ఒకటి ఆకులకి బలం మందు. మాను మొదట్లో కుళ్ళుకి ఆకుల మీద బలం మందు ఏం చేస్తుందో ఆయనకే తెలియాలి. ఉద్యానశాఖ సార్ రాసిచ్చింది మాత్రం నూట నలభై ఏళ్ళ నాటి మందు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు. బోర్డో పేస్టు అంటారు. దీని పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతం రైతులు దారి పక్క ద్రాక్షతీగలకి ఎవరూ కాయలు కోసుకోకుండా మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవాళ్ళట. ఆ తీగలకి మాత్రం బూజు తెగులు రాలేదని 1880లలో మిల్లార్డే అనే ప్రొఫెసర్ గమనించాడు. దొంగల కోసం చల్లింది తెగులుకి పనికొచ్చింది.

ముందు మానుకి ఎగదోసిన మట్టి తీసేశాం. కుళ్ళిన పట్టని పదునైన కత్తితో ఆరోగ్యమైన పట్ట కనిపించేదాకా గీకి, గీకిన ముక్కలు పోగుచేసి కాల్చేశాం. తర్వాత పేస్టు పూశాం. పాదు రెండు వలయాలుగా మార్చాం. మాను చుట్టూ చిన్న గట్టు, దాని అవతల నీళ్ళు, మళ్ళీ బయట ఇంకో గట్టు. ఎండ దెబ్బ తిన్న వరసలకి సున్నం కొట్టాం. పల్లం మూలలో నీళ్ళు బయటికి పోయేలా కాలవ తీశాం. మొత్తం ఖర్చు ఆ సంచీ మందుల ఖర్చు కంటే తక్కువ. శ్రమ మాత్రం మూడింతలు.

ఇది సినిమా కాదు కాబట్టి అన్ని చెట్లూ బతకలేదు. నలభై ఒకటిలో పదిహేడు ఆ వేసవికే పోయాయి. వాటికి పట్ట మాను చుట్టూ పూర్తిగా కుళ్ళిపోయింది. చుట్టూ పట్ట పోతే ఆకులు చేసిన తిండి వేర్లకి దిగదు, వేర్లు ఆకలితో చస్తాయి, ఆ తర్వాత పైన ఎండిపోతుంది. నాలుగు నెలలు పచ్చగా ఉండి కాయలు కూడా కాసి, ఒక్క వారంలో వడిలిపోయిన చెట్టుని చూసి చిన్నమ్మ ఏడ్చింది. మిగతా ఇరవై నాలుగు నిలబడ్డాయి, కొన్ని సగం కాపుతో. తోట నిలబడింది. 2025లో ఒక కాపు అమ్మి బోరు అప్పు తీర్చాడు. బ్యాంకు అప్పు ఇంకా ఉంది. భూమి అమ్మే మాట మాత్రం ప్రస్తుతానికి ఎవరూ ఎత్తడం లేదు.

ఇందులో నాకు బాగా పట్టుకున్న విషయం ఇంకొకటి ఉంది. అలెక్స్ షైగో అని అమెరికా అటవీశాఖలో పనిచేసిన శాస్త్రవేత్త. రంపం పట్టుకుని వేల చెట్లని నిలువునా కోసి, గాయం తర్వాత లోపల ఏం జరిగిందో చూశాడు. 1970లలో ఆయన తేల్చింది ఏంటంటే, చెట్టు గాయం మానదు. మన చర్మంలా దెబ్బ తగిలిన కణాలు మళ్ళీ కొత్తవి కావు. చెట్టు ఆ భాగం చుట్టూ గోడలు కట్టి, దాన్ని లోపలే బందీ చేసి, దాని మీదుగా కొత్త కట్టె వేసుకుంటూ పోతుంది. అంటే పదేళ్ళ వయసులో తగిలిన దెబ్బ నూరేళ్ళ మాను లోపల అలాగే ఉంటుంది. చలిదేశాల్లో మంచుకి పగిలిన మాన్లలో చాలావాటికి అసలు మొదలు అంతకుముందెప్పుడో తగిలిన పాత గాయమే అని కూడా ఆయన చూపించాడు. చలి ఆఖరి తోపు మాత్రమే.

దీన్నుంచి మనం నగరాల్లో చేస్తున్న పని చూస్తే బాధేస్తుంది. ఆఫీసుల ముందు, కాలనీల్లో ఫుట్‌పాత్ టైల్స్ మాను అంచు దాకా పరిచేస్తాం. మొక్కగా ఉన్నప్పుడు పెట్టిన ఇనుప కంచె పదేళ్ళయినా తీయం, మాను దాన్ని మింగేసుకుంటుంది. బోర్డులకి మేకులు కొడతాం, దీపావళి లైట్ల తీగలు బిగించి వదిలేస్తాం. పాత గాయానికి సిమెంటు కుక్కి "ట్రీట్‌మెంట్ చేశాం" అంటాం. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు దాకా సిమెంటు తీసేయమని ఆదేశించింది. ఒక మీటరు మట్టి కోసం కోర్టు దాకా పోవాల్సి వచ్చింది చూడండి. తర్వాత ఒక గాలివానకి ఆ చెట్టు కారు మీద పడితే, చెట్టుది తప్పంటాం.

నా అభిప్రాయం చెప్పి ముగిస్తాను. మా ఊళ్ళో "దిష్టి" అనే మాటకీ, షాపులో "వైరస్" అనే మాటకీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. రెండూ వంగి చూడకుండా పేరు పెట్టడమే. తేడా అల్లా, దిష్టికి గుమ్మడికాయతో పోతుంది, వైరస్‌కి పది వేలవుతుంది. చూడటం నేర్చుకుంటే ఈ రెండూ అక్కర్లేదు. మీ ఊళ్ళో మాను పగిలిందని ఫోనొస్తే, మందు పేరు వెతికేముందు నాలుగు ప్రశ్నలు అడగండి: ఆ జాతికి పగలడం మామూలేనా? పగులు ఏ దిక్కున ఉంది? నేలకి ఎంత ఎత్తులో ఉంది, బంకో నీరో కారుతోందా? ఆ ముందు ఆరు నెలల్లో నీళ్ళు ఎలా అందాయి?

ఈ నాలుగూ అడగడానికి ఎవరికీ డిగ్రీ అక్కర్లేదు. ఊరికి డబ్బులు పంపడం మనలో చాలామందిమి చేస్తూనే ఉన్నాం, అది మంచిదే. కానీ ఆ జనవరిలో మా చిన్నాయనకి నా డబ్బు కంటే ఎక్కువ పనికొచ్చింది, పక్కన కూర్చుని రెండు రోజులు నోటుబుక్కులో లెక్క రాసే ఒక మనిషి. పదిహేడు చెట్లు పోయిన ఖాళీల్లో ఇప్పుడు కొత్త అంట్లు పెట్టాడు. అంటు కట్టిన చోటు జానెడు పైన ఉండేలా, మానుకి నీళ్ళు తగలకుండా.